ఎల్లాజీ తూకం

ఉప్పుదిబ్బ జైలు, తూకం గది. ఇది ఆఫీసు రిజిస్టరు కాదు, నా సొంత పుస్తకం.

రోజు 1, శనివారం

పడవలో కొత్త ఖైదీ వచ్చాడు. పేరు గరికిన ఎల్లాజీ, వయసు నలభై రెండు, పని బల్లకట్టు లాగడం. ఎగువ రేవు గుత్తేదారుని తెడ్డుతో కొట్టి చంపాడని తీర్పు. చూశానని చెప్పినవాడు గుత్తేదారు బామ్మర్ది. ఉరి పద్నాలుగో రోజు, శుక్రవారం.

అరెస్టు కాగితంలో అతని బరువు 61.4 కిలోలు. నా త్రాసు మీద 49.1. మూడుసార్లు తూచాను. బెంగ పెట్టుకుని చిక్కి ఉంటాడనుకున్నాను, కానీ మనిషి చిక్కలేదు. అరెస్టునాడు తొడుక్కున్న చొక్కా ఇప్పటికీ ఒంటికి సరిగ్గా పట్టి ఉంది.

ఈ జైల్లో ఉరితీసే మనిషి లేడు. ఖైదీ కాళ్ళ కింది తలుపు దానంతటదే తెరుచుకుంటుంది. తాడు పొడవు యంత్రమే లెక్కగట్టుకుంటుంది, ఖైదీకి జ్వరముందో లేదో కూడా అదే చూసుకుంటుంది. తూకం ఒక్కటే మనిషి చూడాలి, చేత్తో రాయాలి. ఎక్కడో ఒకచోట మనిషి లేకపోతే బాగుండదని చట్టం చేసినవాళ్ళకి అనిపించిందట. ఆ మనిషిని నేనే. పేరు తవిటినాయుడు, వయసు ఇరవై మూడు. ఉరిశిక్షకి నేను బద్ధ వ్యతిరేకిని. ఈ మాట ఉద్యోగంలో చేరేటప్పుడే రాసి ఇచ్చాను. "అభ్యంతరం లేదు" అని ముద్ర కొట్టి ఫైల్లో పెట్టుకున్నారు.

నేను చంపను. నేను తూస్తాను. ఇంతవరకూ ఒక్క తప్పు అంకె రాయలేదు.

రోజు 4, మంగళవారం

చదువు రాని ఖైదీకి క్షమాభిక్ష అర్జీ తూకం గుమాస్తా రాసిపెట్టాలని రూలు. ఎల్లాజీ చెప్పింది ఇంతే:

"ఆ పొద్దు నాను ఎగువ రేవుకే ఎల్లనేదు. దిగువ రేవులో బల్లకట్టు లాగతన్నాను. హాజరు పుస్తకంలో ఏలిముద్ర కూడా ఏసినాను. నాను సంపలేదు. దయుంచి నన్ను బతకనీండి."

ఆ 'దయ' దగ్గర నాకు ఒళ్ళు మండింది. చేయని నేరానికి దయ అడుక్కోవడమేమిటి? నా పెట్టెలో ఉన్న ఉరి వ్యతిరేక కరపత్రాలు ముప్పై ఆరూ నాకు కంఠతా వచ్చు. వాటిలో ఏ ఒక్కటీ ఎవర్నీ బతిమాలదు. కూర్చుని పదకొండు పేజీలు రాశాను. రాజ్యం ఎవరిది, తాడు ఎవరిది, యంత్రం వెనక దాక్కున్నది ఎవరు, అన్నీ నిలదీశాను. దిగువ రేవు సంగతి తొమ్మిదో పేజీ అడుగున చిన్న అక్షరాల్లో పెట్టాను. అది వ్యక్తిగత విషయం.

"పదకొండు పేజీలేటి బాబూ? నాను నాలుగు ముక్కలే సెప్పినాను."

"మిగతాది చరిత్ర."

"ఎవులిది?"

"మానవజాతిది."

"ఓహో," అని వేలిముద్ర వేశాడు. కవరు నేనే అంటించాను.

రోజు 5, బుధవారం

ఎల్లాజీ 46.0. నిన్న 49.1. ఒక్కరోజులో మూడు కిలోల వంద గ్రాములు.

మనిషి అన్నం ఎవరో తింటున్నారన్నమాట. వంట మేస్త్రి దాలినాయుడు మీద ఫిర్యాదు రాసి సూపరింటెండెంట్ త్రిపురాంబ మేడం బల్ల మీద పెట్టాను. "చావబోయేవాడి మెతుకులు దోచుకునే వర్గం" అన్న మాట కూడా వాడాను.

సాయంత్రం మేస్త్రి గరిటెతోనే వచ్చాడు.

"ఒరే తవిటీ, నాను ఏ వర్గం రా?"

"తగ్గిన బరువు ఎక్కడికి పోయింది, అది చెప్పు."

"నీ తాసు మీద నన్ను తుయ్యి. ఇప్పుడే తుయ్యి. ఆడికి మూడు పూటలా నా సేత్తో ఒడ్డించినాను. నిన్న పులుసు మళ్ళీ ఏయించుకున్నాడు. కంచం కడిగినట్టు తిన్నాడు."

"సిబ్బంది తూకం నెల మధ్యలోనే. రూలు."

"నీ రూలుకి అగ్గెట్ట," అని వెళ్ళిపోయాడు. రాత్రి నా పులుసులో ముక్కల్లేవు.

రోజు 8, శనివారం

46.0. మూడు రోజులుగా కదల్లేదు. అర్జీ పడవ ఎక్కింది. దిగిన సంచీలో నాలుగు కవర్లున్నాయి. అన్నీ మేడం తీసుకున్నారు.

రోజు 10, సోమవారం

నిన్న 44.8. ఇవాళ 43.6.

పొద్దున దిబ్బ మీద నడకకి వదిలారు. రాత్రి మంచుకి ఉప్పునేల మెత్తబడింది. నా అడుగులు పడ్డాయి, కాపలావాళ్ళవి పడ్డాయి. ఎల్లాజీవి పైపైన, కాకి నడిచినట్టు పడ్డాయి. అతనూ చూసుకున్నాడు.

"బాబూ, ఇది రోగమా?"

"జ్వరం లేదని యంత్రం చెప్పింది."

"బల్లకట్టు లాగినోణ్ణి. కాలు తన్నిపట్టకపోతే తాడు లాగనేం. ఇప్పుడు నన్నే ఎవులో లాగతన్నట్టున్నాది."

యంత్రం పుస్తకం తీసి చూశాను. నలభై కిలోలకి తక్కువున్న శరీరానికి తలుపు తెరుచుకోదట. రోజుకి కిలో రెండు వందల చొప్పున లెక్క వేశాను. పద్నాలుగో రోజుకి 38.8. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. ఎవరికీ చెప్పలేదు.

రోజు 14, శుక్రవారం

38.8.

ఎల్లాజీకి పొద్దున్నే స్నానం చేయించారు. మేస్త్రి చేపల పులుసు పెట్టాడు. పదింటికి తలుపు మీద నిలబెట్టారు. నేను అంకె రాశాను. యంత్రం కాసేపు గుర్రుమని 'బరువు చాలదు' అని కార్డు బయటికి తోసింది.

మేడం ఆ కార్డుని అటూ ఇటూ తిప్పారు. "నలభై అని రాయవయ్యా. కిలో తేడా. ఎవరు చూడొచ్చారు?"

అప్పుడు నాకొచ్చిన కోపం మామూలుది కాదు. అంకెని తాకట్టు పెట్టేవాడు రేపు మనిషిని పెడతాడని, నా చెయ్యి నరికినా నలభై రాయదని, ఇంకా ఏవేవో అన్నాను. తలుపు మీద నిలబడ్డ ఎల్లాజీ కూడా శ్రద్ధగా విన్నాడు.

మేడం అంతా విని, "సరే, వచ్చే శుక్రవారం," అని తేదీ వేశారు. మెట్లు దిగుతూ రెండుచోట్ల ఆగి ఊపిరి తీసుకున్నారు.

రోజు 15, శనివారం

నెల మధ్య. సిబ్బంది తూకం. దిబ్బ ఏటా కొంత కుంగుతుంది కాబట్టి దాని మీదున్న బరువంతా నెలనెలా లెక్క తేల్చాలి.

మేస్త్రి 83.5. పోయిన నెలా 83.5. త్రాసు దిగకుండా నా మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు. క్షమాపణ చెప్పాను. "గట్టిగా," అన్నాడు. గట్టిగా చెప్పాను.

మేడం 71.0 ఉండేవారు. ఇవాళ 79.4. చీర కుచ్చిళ్ళు ఎప్పట్లాగే ఉన్నాయి, మనిషి ఎప్పట్లాగే ఉన్నారు. త్రాసు మాత్రం మూలిగింది. కాపలావాళ్ళు నలుగురిలోనూ మార్పు లేదు.

నేను 58.2 ఉండేవాణ్ణి. 61.3.

ఎల్లాజీ 37.6. వచ్చిన రోజు నుంచి పోయింది 11.5. మేడంకి పెరిగింది 8.4, నాకు 3.1. కలిపాను. మళ్ళీ కలిపాను. దిబ్బ మొత్తం బరువులో గ్రాము తేడా లేదు.

నాకెందుకు పెరగాలి? ఈ జైల్లో ఉరిని వ్యతిరేకించే ఏకైక మనిషిని నేను.

మధ్యాహ్నం పడవలో అర్జీకి జవాబు వచ్చింది. "క్షమాభిక్ష కోరుతున్నట్లు ఎక్కడా పేర్కొననందున ఈ పత్రమును క్షమాభిక్ష అర్జీగా పరిగణించుట వీలుపడదు." అంతే. కింద సంతకం.

పదకొండు పేజీలూ మళ్ళీ చదివాను. నిజమే. ఎక్కడా అడగలేదు. కవరు అంటించింది నాలుగో రోజు. అయిదో రోజుకి మూడు కిలోల వంద గ్రాములు.

తరువాత టపా పుస్తకం తీశాను. ఎనిమిదో రోజు వచ్చిన కవర్లలో రెండోది: "దిగువ రేవు హాజరు పుస్తకం, ఒక పేజీ." చర్య అన్న గడిలో ఏమీ రాసి లేదు.

ఇలాంటిది జరుగుతుందని నా కరపత్రాల్లో లేదు. దయ్యాలనీ మహిమలనీ అవి ఒప్పుకోవు. నేనూ ఒప్పుకోను. త్రాసు ఒప్పుకుంది.

రోజు 16, ఆదివారం

36.4.

తలుపు తట్టకుండా మేడం గదిలోకి వెళ్ళాను. నిన్న కుర్చీ విరిగిందట, బల్ల మీద కూర్చుని సంతకాలు పెడుతున్నారు.

"ఆ పేజీ ఏది మేడం?"

ఆలస్యంగా వచ్చినవి వేసే తట్టలోంచి తీసి చూపించారు. తేదీ ఉంది. బల్లకట్టు పేరు ఉంది. ఎల్లాజీ వేలిముద్ర ఉంది.

"సాక్ష్యాలకి గడువు శుక్రవారం. ఇది మర్నాడు, శనివారం వచ్చింది. నేనేం చేయను?"

"మనిషి ప్రాణం మేడం!"

"అరవకు. నీకు పెరిగింది మూడు కిలోలు, నాకు పెరిగింది నేను మోస్తున్నాను. ఎందుకు పెరిగిందో నాకు తెలీదనుకున్నావా? పదో రోజే తెలిసింది. కూర్చో."

కూర్చోలేదు.

"ఇవాళ ఇది పంపానే అనుకో. నా బరువు వాడికి తిరిగెళ్తుంది, నలభై దాటతాడు. పడవ వెళ్ళేది శనివారం, జవాబు తెచ్చేది మళ్ళీ శనివారం. మధ్యలో శుక్రవారం ఒకటుంది. తలుపు తెరుచుకుంటుంది. నేను దాచబట్టి వాడు బతికున్నాడు. కాదను."

కాదనడానికి నోరు తెరిచాను. ముప్పై ఆరు కరపత్రాలూ వెతుక్కున్నాను.

"ఇది దయ అంటారా మేడం?"

"మొదటి రోజు కాదు," అన్నారు. "మొదటి రోజు నాకు ఓపిక లేక అక్కడ పడేశాను."

సాయంత్రం ఎల్లాజీకి అర్జీ సంగతి చెప్పేశాను. నేనేం రాశానో, ఏం రాయలేదో.

"పదకొండు పేజీల్లో ఒక్క 'బతకనీండి' పట్టనేదా?"

"పట్టలేదు."

"సదువు, ఇందాం."

చదివాను. నాలుగో పేజీలో నిద్రపోయాడు. లేచాక, "బాగానే ఉన్నాది గానీ నా గురించి కాదు," అన్నాడు. తరువాత, "పోన్లే తమ్ముడా, కుర్రోడివి," అన్నాడు.

అతను క్షమించాడు కదా అని వెంటనే త్రాసు ఎక్కాను. 61.3. మాటతో దిగలేదు.

రోజు 19, బుధవారం

32.8.

నడకలో ఉండగా సముద్రం మీంచి గాలి వచ్చింది. ఎల్లాజీ కాళ్ళు నేల వదిలాయి. జానెడు ఎత్తే. ఇద్దరు కాపలావాళ్ళు చెరో చెయ్యీ పట్టుకుని దింపారు. అతని మొహం చూడలేకపోయాను. ఉరి తలుపు మీద కూడా అంత భయపడలేదు.

ఇప్పుడు మంచానికి నడుం కట్టి పడుకోబెడుతున్నారు. మేస్త్రి పూటకి రెండు కంచాల అన్నం పెడుతున్నాడు. తింటున్నాడు. ఉపయోగం లేదు.

రోజు 21, శుక్రవారం

30.4. యంత్రం కార్డు తోసింది. 'బరువు చాలదు.'

ఇసకమూట కట్టవచ్చా అని మేడం పుస్తకం తిరగేశారు. శరీర బరువు మాత్రమే లెక్క, గోచీ కూడా కలపకూడదు. పుస్తకం మూసేసి అక్కడే మెట్టు మీద కూలబడ్డారు.

"తగ్గుతూనే ఉంటాడా?" అని నన్నడిగారు.

"ఇంకో ఇరవై అయిదు రోజుల్లో అంకె అయిపోతుంది మేడం."

"అయిపోతే?"

దానికి జవాబు ఎల్లాజీ చెప్పాడు. తలుపు మీద కాపలావాడి భుజం పట్టుకుని నిలబడ్డాడు, లేకపోతే నిలవలేడు.

"అమ్మా, తమరికి దణ్ణం. తమరు నన్ను కాపాడతన్నారో సంపుతున్నారో నాకు తెల్దు. తమ్ముడు లెక్కలు సెప్పినాడు, అర్థం కానేదు. నాకొక్కటే తెల్సు. పడుకుంటే మంచం తగల్దు. తింటే కడుపు తెల్దు. బతికున్నట్టు నాకే తెలకపోతే ఇంకెవులికోసం బతకాల? నా బరువు నాకిచ్చీండి. తరవాత శుక్రారమో, శనారమో. నేల మీద నిలబడి సూసుకుంటాను."

మేడం కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకున్నారు. ఎంతసేపటికీ అది శుభ్రపడలేదు.

రోజు 22, శనివారం

పొద్దున మేడం 87.8, ఎల్లాజీ 29.2, నేను 61.3.

కొత్త అర్జీ రాశాను. అతను చెప్పిన మాటలు, అతను చెప్పిన వరసలో. 'దయుంచి' అన్నది రాసేటప్పుడు చెయ్యి మొరాయించింది. రాశాను. దానికి ఇంకో కాగితం జత చేశాను: మొదటి అర్జీ ఖైదీది కాదు, అతను అడిగింది తీసేసి నా మాటలు పెట్టింది నేనే, శిక్షేమైనా ఉంటే నాకు. ఆ కాగితం అయిదు వాక్యాలు. నేను రాసినవాటిలో అతి చిన్నది.

మేడం హాజరు పేజీకి పైన ఒక లేఖ రాశారు. పద్నాలుగు రోజులు తన దగ్గరే ఉంచుకున్నానని, కారణం బద్ధకమని. 'బద్ధకం' అని రాస్తున్నారేమిటని అడిగాను. "ఇంకో మాటుంటే చెప్పు," అన్నారు.

పడవ తాడు విప్పుతుండగా నాకు ఒళ్ళు తేలికపడింది. మేడం రేవుదాకా నడిచి, నడిచి వెనక్కి వెళ్ళారు. ఎక్కడా ఆగలేదు.

పడవవాడు ఒక కబురు చెప్పాడు. ఎగువ రేవులో గుత్తేదారు బామ్మర్దిని ఏ పడవా ఎక్కించుకోవడం లేదట. పన్నెండు కిలోలు ఎక్కువున్నాడని కాదు, ఎక్కినవైపుకే పడవ ఒరిగిపోతోందని. అతనింకా ఏమీ చెప్పలేదు.

రోజు 23, ఆదివారం

ఎల్లాజీ 49.1. మేడం 71.0. నేను 58.2.

ఎల్లాజీ దిబ్బ మీద అరగంట నడిచాడు. వెనక్కి తిరిగి తన అడుగులు చూసుకుంటూ నడిచాడు. మడమ లోతుగా దిగింది. "అబ్బ, కాళ్ళు నొప్పెడతన్నాయి," అని అందరికీ చెప్పాడు.

శుక్రవారానికి అయిదు రోజులు.

రోజు 28, శుక్రవారం

రాత్రంతా ఇదే ఆలోచన. జవాబు రేపు వస్తుంది. తలుపు ఇవాళ పదింటికి. వాయిదాకి రెండే కారణాలు: జ్వరం, బరువు. జ్వరం యంత్రం చూస్తుంది. బరువు నేను చూస్తాను.

అబద్ధం రాయడానికి నాకు సిగ్గు కాదు అడ్డు. లెక్క. ఇతని విషయంలో అబద్ధం చెప్పిన, నిజం దాచిన ప్రతివాడికీ బరువు పెరిగింది, ఇతనికి తగ్గింది. నేను ఇవాళ ఒక అంకె మార్చి రాస్తే, రాసిన క్షణంలో ఎంత పోతుంది? ఇచ్చి వారం కాలేదు. మళ్ళీ లాక్కోవాలా?

ఎల్లాజీని అడిగాను.

"రాయకపోతే?"

"తలుపు."

"రాస్తే మళ్ళీ తేలిపోతానా?"

"తెలీదు."

మీసం దువ్వుకుని ఆలోచించాడు. "రాయి. తేలితే కట్టెయ్యండి. రేపటిదాకే కదా."

అతను త్రాసు ఎక్కాడు. ముల్లు 49.1 దగ్గర ఆగింది. మేడం నా పక్కనే నిలబడి చూశారు. కాపలావాళ్ళు గోడ వైపు తిరిగి నిలబడ్డారు. ఎవరూ తిరగమనలేదు.

రిజిస్టరులో 39.0 అని రాశాను. నా చేతిరాత ఎప్పుడూ ఇంత అందంగా లేదు. మేడం ధ్రువీకరణ సంతకం పెట్టారు.

యంత్రం గుర్రుమంది. 'బరువు చాలదు.'

నాకు ఆ కార్డు చదివే తీరిక లేదు. ఎల్లాజీ ఇంకా త్రాసు మీదే ఉన్నాడు. ముల్లు వంక చూశాను. 49.1. వెంట్రుకవాసి కూడా కదల్లేదు. అతన్ని దింపి నేను ఎక్కాను. 58.2. దిగి మళ్ళీ ఎక్కాను. 58.2.

"జరుగు," అని మేడం చెప్పులు విడిచి ఎక్కారు. 71.0.

ముగ్గురం త్రాసు చుట్టూ నిలబడ్డాం.

"అబద్ధమే కదా రాసినావు?" అన్నాడు ఎల్లాజీ.

"అబద్ధమే."

"మరి బరువు నేదేటి?"

అతన్ని అడిగి రాసిన అబద్ధం ఇదొక్కటే. అయినా త్రాసు సరిగ్గా ఉందో లేదో అని ఇరవై కిలోల గుండు పెట్టి చూశాను. 20.0.

రోజు 29, శనివారం

పడవ వచ్చింది. "రెండవ అర్జీ మరియు జతపరచిన సాక్ష్యము పరిశీలనలో ఉన్నవి. నిర్ణయము ఆరు వారములలో తెలుపబడును. అంతవరకు శిక్ష అమలు తేదీలు యథాతథము." మొదటి అర్జీ విషయంలో నాకు సంజాయిషీ నోటీసు విడిగా వచ్చింది. దానికి తరువాత జవాబు రాస్తాను.

ఆరు వారాలంటే ఆరు శుక్రవారాలు.

అర్జీకి వచ్చిన జవాబు చదవగానే నాకు మళ్ళీ కోపం వచ్చింది. ఒకటే కాగితంలో పరిశీలిస్తామంటారు, ఉరీ తీస్తూ ఉండమంటారు. దీన్ని నాలుగు పేజీల్లో దుమ్ము దులుపుదామని కాగితం తీశాను. మేడం నా చేతిలోంచి ఆ కాగితం లాక్కుని, వెనక వైపు నిలువుగా ఆరు గడులు గీశారు.

"ప్రతివారం 39.0 అంటే పైవాళ్ళకి అనుమానం రాదూ? సహజంగా ఉండాలి," అని ఒక్కొక్క గడిలో అంకె వేసి, పక్కన తేదీ వేసి, కింద పొడి సంతకం పెట్టారు. 39.2, 38.9, 39.1, 38.3, 38.8, 39.0.

పట్టిక ఎల్లాజీకి చదివి వినిపించాను. అన్నం కలుపుకుంటూ విన్నాడు. నాలుగోవారం మరీ 38.3కి పడిపోయానేమని బెంగపెట్టుకున్నాడు.

మేడంతో మాట్లాడి ఆ వారం 39.4 చేయించాను.